ఢిల్లీ పొగ: పాపం అందరిది, శిక్ష పేదలది

చలికాలం వస్తే చాలు, ఢిల్లీ గాలి వార్తలకెక్కుతుంది. బడులకు సెలవులు, నిర్మాణ పనుల నిలిపివేత, ఆస్పత్రుల్లో ఆయాసంతో వచ్చేవారి రద్దీ - ఏటా ఇదే తంతు. నగరవాసులు పంజాబ్, హర్యానా రైతుల్ని వేలెత్తి చూపుతారు. రైతులు నగరంలోని వాహనాలను చూపుతారు.

రెండింటిలోనూ నిజముంది. భూగర్భ జలాల రక్షణకై పంజాబ్ 2009లో చేసిన చట్టం వల్ల వరినాట్లు ఆలస్యమయ్యాయి. వరికోతకూ గోధుమ విత్తుకూ మధ్య రెండు మూడు వారాలే మిగిలాయి. కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టడమే రైతుకు చవకైన మార్గమైంది. కానీ ఆ పొగ ప్రధానంగా అక్టోబరు, నవంబరు మాసాలదే. వాహనాలు, ఫ్యాక్టరీలు, రోడ్ల దుమ్ము, చెత్త మంటలు ఏడాది పొడుగునా ఉన్నవే. చలికాలంలో నేల దగ్గరి చల్లగాలిపై వెచ్చని గాలి మూతలా కప్పుకోవడంతో ఇవన్నీ కిందే నిలిచిపోతాయి.

2.5 మైక్రాన్లకు మించని ధూళికణాలు ఊపిరితిత్తుల లోతుకు, అక్కడినుంచి రక్తంలోకి చేరతాయి. ఘనపు మీటరు గాలిలో వీటి వార్షిక సగటు 5 మైక్రోగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. 2009లో మన దేశం పెట్టుకున్న హద్దు 40. ఢిల్లీ సగటు ఈ హద్దుకు రెట్టింపు పైనే ఉంటోంది.

మార్పు అసాధ్యమా? కాదు. బస్సులన్నీ సీఎన్జీకి మారాలని సుప్రీంకోర్టు 1998లో గడువు పెట్టి ఆదేశించింది. గడువు దాటినా 2002 చివరికల్లా పని పూర్తయింది. అయితే ఆ మేలును తర్వాత పెరిగిన సొంత వాహనాలు మింగేశాయి. ఇప్పుడు పొగ కమ్మాకే ఆంక్షలు గుర్తొస్తున్నాయి.

ఆ ఆంక్షల భారం ఎవరిమీద? కలవారు తలుపులు బిగించి గాలిశుద్ధి యంత్రం పెట్టుకుంటారు. ఆటోడ్రైవరు, తోపుడుబండి వ్యాపారి రోజంతా ఆ పొగలోనే. నిర్మాణం ఆగితే కూలికి పొయ్యి వెలగదు. పని పోయిన కూలీలకు సెస్సు నిధినుంచి భృతి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించవలసి వచ్చింది.

ఢిల్లీ గొడవ మనకెందుకు అనుకోరాదు. గాలి మెరుగుపడాలంటూ 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం జాబితాలో హైదరాబాద్, విజయవాడ, విశాఖ కూడా ఉన్నాయి. చలికాలపు తెల్లవారుజామున గాలి బరువెక్కి ఉంటుంది. ఫజర్ నమాజుకు నడిచివెళ్ళే పెద్దలు, బడికి బయలుదేరే పిల్లలు పీల్చేది ఆ గాలినే. ఢిల్లీ అంత ముదరకముందే సరిపడా బస్సులు నడపాలి, చెత్త మంటలు ఆపాలి. మన వీధి మూల చెత్తకు నిప్పు పెట్టే చేతిని ఆపాల్సింది మాత్రం మనమే.