మిర్యాలగూడ కథ: తండ్రి బాధ చూపించారు సరే.. కూతురి కథ ఎవరు చెబుతారు?

పెద్దింటి పిల్ల. డబ్బుకు లోటు లేదు. టీనేజ్‌లోకి వచ్చాక ఇంటి మాటకు ఎదురు తిరిగింది. ఈ లైన్ మీద తెలుగులో ఎన్ని సినిమాలు వచ్చాయో లెక్కే లేదు. కానీ సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్లకు ఇది ఉత్త సినిమా కథ కాదు. వాళ్ల కళ్ల ముందే జరిగింది. తర్వాత దాని మీద సినిమా కూడా వచ్చింది. మరి ఆ సినిమా ఆపండి అంటూ కోర్టుకు వెళ్లింది ఎవరో గుర్తుందా? ఆ ఇంటి కూతురే.

అసలేం జరిగింది?

మిర్యాలగూడలో మారుతీరావు పేరున్న రియల్ ఎస్టేట్ వ్యాపారి. ఆయనకు ఒక్కగానొక్క కూతురు. స్కూల్ రోజుల్లోనే ఆమెకు ప్రణయ్‌తో పరిచయమైంది. ప్రణయ్ దళిత కుటుంబానికి చెందిన యువకుడు, తండ్రి ఎల్‌ఐసీ ఉద్యోగి. పెద్దలు ఒప్పుకోకపోయినా 2018 జనవరిలో ఇద్దరూ హైదరాబాద్‌లో పెళ్లి చేసుకున్నారు. అప్పటికి ఇద్దరూ మేజర్లే.

అదే ఏడాది సెప్టెంబర్ 14న గర్భిణిగా ఉన్న భార్యను చూపించుకుని మిర్యాలగూడలోని ఆస్పత్రి నుంచి బయటికి వస్తుండగా ప్రణయ్‌ను కత్తితో నరికి చంపారు. ఆ దృశ్యాలు సీసీ కెమెరాలో రికార్డయ్యాయి. మామే కోటి రూపాయలకు సుపారీ మాట్లాడారని పోలీసులు తేల్చారు. 2020 మార్చిలో మారుతీరావు హైదరాబాద్‌లో చనిపోయారు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు తీర్పు ఇచ్చింది. నరికిన సుభాష్ శర్మకు మరణశిక్ష, మరో ఆరుగురికి యావజ్జీవం.

ఫాదర్స్ డే రోజే పోస్టర్

మారుతీరావు చనిపోయి నాలుగు నెలలు కూడా కాలేదు. 2020 జూన్ 21, ఫాదర్స్ డే. రామ్ గోపాల్ వర్మ 'మర్డర్' సినిమా ప్రకటించారు. కూతుర్ని తండ్రి అతిగా ప్రేమిస్తే ఎంత ప్రమాదమో చెప్పే కథ అన్నారు. ఆనంద్ చంద్ర డైరెక్టర్. తండ్రి పాత్రలో శ్రీకాంత్ అయ్యంగార్ నటించారు.

ప్రణయ్ తండ్రి పోలీస్ కంప్లైంట్ ఇచ్చారు. కూతురు నల్గొండ కోర్టుకు వెళ్లారు. ఆగస్టులో కోర్టు స్టే ఇచ్చింది. నవంబర్‌లో హైకోర్టు ఆ స్టే ఎత్తేసింది. అసలు పేర్లు వాడకుండా డిసెంబర్ 24న సినిమా రిలీజైంది. తన జీవితాన్ని తెర మీద పెట్టొద్దని అంతగా పోరాడిన మనిషి కాబట్టి ఈ కథనంలో ఆమె పేరు రాయడం లేదు.

ఇక్కడ ఒక మాట దగ్గర ఆగాలి. 'అతి ప్రేమ'. హత్య జరిగినప్పుడు మిర్యాలగూడలో, సోషల్ మీడియాలో చాలామంది అన్నదీ ఇదే. కన్న తండ్రి బాధ అర్థం చేసుకోరా అన్నారు. ఆయనకు మద్దతుగా ర్యాలీ కూడా తీశారు. భర్తను పోగొట్టుకున్న అమ్మాయిని మాత్రం కామెంట్లలో చీల్చి చెండాడారు. అల్లుడిని చంపించారన్న కేసులో మొదటి నిందితుడికి ప్రేమ ఎక్కువైన తండ్రి అనే బిరుదు వచ్చింది. ఇష్టపడిన వాడిని పెళ్లి చేసుకున్న కూతురు దోషి అయిపోయింది.

డబ్బు మారింది, గీత మారలేదు

ఈ ప్రాంతం సంగతి తెలిస్తే కథ ఇంకా బాగా అర్థమవుతుంది. మిర్యాలగూడ, కోదాడ వైపు పొలాలకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లొచ్చాయి. వరి పెరిగింది. రైస్ మిల్లులు వచ్చాయి. సూర్యాపేట, కోదాడ అయితే హైదరాబాద్-విజయవాడ హైవే మీదే ఉన్నాయి. భూముల రేట్లు పెరిగాయి, చేతిలో డబ్బు ఆడింది.

ఆ డబ్బుతో పిల్లల్ని ఇంగ్లిష్ మీడియం స్కూళ్లలో, బీటెక్ కాలేజీల్లో చేర్పించారు. అక్కడ అన్ని కులాల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఒకే ట్యూషన్‌కు వెళ్లారు, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. పిల్లల ప్రపంచం పెద్దదైంది. పెళ్లి మాటొచ్చేసరికి మాత్రం పెద్దలు పాత గీత దగ్గరే నిలబడ్డారు. గొడవంతా అక్కడే. పిల్ల చెడిపోయి ఎదురు తిరగలేదు. ఇల్లు చూపించిన ప్రపంచాన్నే నిజమని నమ్మింది.

కొడుకు మాట్లాడితే చప్పట్లు.. మరి కూతురు?

2006లో వచ్చిన 'బొమ్మరిల్లు' గుర్తు చేసుకోండి. చొక్కా నుంచి పెళ్లి దాకా అన్నీ తండ్రే డిసైడ్ చేసే ఇల్లు. క్లైమాక్స్‌లో కొడుకు మనసులో మాట కక్కేస్తాడు. తండ్రి వింటాడు, మారతాడు. థియేటర్‌లో చప్పట్లే చప్పట్లు. కొడుకు ఎదురు తిరిగితే అది ఎదగడం.

2021లో 'ఉప్పెన' వచ్చింది. అందులో పరువు కోసం ఎంతకైనా తెగించే పెద్దింటి తండ్రిని చివర్లో కూతురు నిలదీస్తుంది. కానీ అప్పటికే జరగాల్సిన ఘోరం జరిగిపోతుంది. అదే ఏడాది శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరీ' ఇంకో అడుగు ముందుకేసింది. పరువు, పరువు అనే ఇంట్లోనే సొంత బాబాయ్ వల్ల చిన్నప్పుడు నరకం చూసిన అమ్మాయి కథ అది. ఆ మాట ఇంట్లో చెప్పుకునే దిక్కు కూడా ఆమెకు లేదు. మరాఠీలో 2016లో వచ్చిన 'సైరాట్' అయితే పారిపోయి పెళ్లి చేసుకోవడంతో ఆగలేదు. వేరే ఊళ్లో ఆ పెద్దింటి అమ్మాయి పని నేర్చుకుని, సంసారం నిలబెట్టుకుని పెద్దమనిషిగా మారడం చూపించింది. ఆ తర్వాతే పుట్టింటి వాళ్లు చంపడానికి వచ్చారు.

ఈ సినిమాలకూ 'మర్డర్'కూ తేడా ఒక్కటే. కెమెరా ఎవరి భుజం మీద నుంచి చూస్తోంది? తండ్రి వైపు నుంచి చూస్తే కూతురి ప్రేమ ఒక దెబ్బలా కనిపిస్తుంది. కూతురి వైపు నుంచి చూస్తే తండ్రి ప్రేమ తాళం వేసిన తలుపులా కనిపిస్తుంది.

కథ అయిపోలేదు

ప్రణయ్ కేసుతోనైనా ఇది ఆగిందా అంటే, లేదు. తీర్పు రావడానికి ఆరు వారాల ముందే, 2025 జనవరి చివర్లో, సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి శివార్లలో మరో దళిత యువకుడి శవం దొరికింది. అతనిదీ కులాంతర వివాహమే. అమ్మాయి ఇంటివాళ్లనే పోలీసులు అరెస్ట్ చేశారు. అంటే పెద్దింటికో, మామూలు ఇంటికో పరిమితమైన జబ్బు కాదిది.

చట్టం ఏం చెబుతోంది? ప్రణయ్ హత్యకు దాదాపు ఐదున్నర నెలల ముందే, 2018 మార్చి 27న, శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇద్దరు మేజర్లు ఇష్టపడి పెళ్లి చేసుకుంటే ఇంటివాళ్ల అనుమతి గానీ, కులపెద్దల అనుమతి గానీ అక్కర్లేదని చెప్పింది. జిల్లాకో ప్రత్యేక సెల్, జంటలకు సేఫ్ హౌస్‌లు ఉండాలంది. ఇలాంటి కేసుల విచారణ వీలైతే ఆరు నెలల్లో ముగించాలంది. ప్రణయ్ కేసులో హత్య నుంచి తీర్పుకు ఆరున్నరేళ్లు పట్టింది. కడుపులో ఉన్న బిడ్డ పుట్టి, బడికెళ్లే వయసుకు వచ్చాక శిక్ష పడింది.

ఫైనల్‌గా ఒక్క మాట. మిర్యాలగూడ మీద ఇంకో సినిమా వస్తే తండ్రి ఎందుకు అంత కుమిలిపోయాడో మళ్లీ చెప్పక్కర్లేదు, అది అందరికీ కంఠతా వచ్చు. పదిహేనేళ్ల పిల్ల ఆ పెద్ద ఇంట్లో ఏం చూసింది, ఎవరికి చెప్పుకుంది, ఎవరు వినలేదు అన్నదే ఇప్పటిదాకా రాని సినిమా. అది తీసేవాళ్లు ముందుగా చేయాల్సిన పని ఒకటుంది. ఆ అమ్మాయిని అడగాలి. ఆమె వద్దంటే ఆ జీవితాన్ని వదిలేసి తమ కథ తాము రాసుకోవాలి.

ఈలోగా మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి బెదిరింపులు ఉంటే కథ ముగిసేదాకా చూడొద్దు. పోలీసులకు 112, మహిళలకు 181, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు 1098. ఈ నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసుకోండి.