అందరికీ స్వాగతం (షరతులు వర్తిస్తాయి)

అమెరికాలో కారు నడిపే మనవాళ్ళందరూ చూసే ఉంటారు ఈ చర్చి బోర్డులు. రోడ్డు పక్కన, లోపల లైటు వెలుగుతూ, అక్షరాలు ఒక్కోటీ పీకి మార్చుకునేవి. వాటిల్లో పాతకాలపు జోకొకటుంది. సి, హెచ్ అని రాసి, రెండు ఖాళీలు, మళ్ళీ సి, హెచ్. కింద "ఇందులో లేనిదేంటి?" అని ప్రశ్న. లేనివి యు, ఆర్. అంటే నువ్వే అన్నమాట.

మొదటిసారి నవ్వుకున్నా. తర్వాతే డౌటొచ్చింది, ఈ 'నువ్వు' ఎవరని. ఆదివారం బద్ధకించి ఇంట్లో పడుకున్న వాళ్ళ మనిషి. ఎన్నడూ అడుగుపెట్టని నాలాంటోడు లేని లోటు వాళ్ళకెందుకుంటుంది?

'అందరికీ' అని సూటిగా చెప్పేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. యునైటెడ్ మెథడిస్టులు 2001లో 'తెరిచిన హృదయాలు, తెరిచిన మనసులు, తెరిచిన తలుపులు' అని నినాదం ఎత్తుకున్నారు. టీవీ ప్రకటనలు కూడా ఇచ్చారు. వాళ్ళ నిబంధనల పుస్తకంలో మాత్రం స్వలింగ సంపర్కం క్రైస్తవ బోధకి పొసగదన్న వాక్యం 1972 నుంచీ కూర్చునుంది. 2019లో నిషేధాలు ఇంకా బిగించారు. ఆ వాక్యం తీసేసింది 2024లో! హోమ్ పేజీలో ఒకటి, కోడ్‌లో ఇంకోటి, ఇరవైమూడేళ్ళు. మన ప్రాజెక్టుల్లో అయితే టెస్టింగ్ వాళ్ళు మొదటిరోజే బగ్ వేసేవాళ్ళు :)

ఆ నియమం తప్పా ఒప్పా అన్నది వేరే గొడవ, అది వాళ్ళు తేల్చుకుంటారు. నియమం ఉన్నప్పుడు బోర్డు మీద 'అందరికీ' అనడం ఎందుకనేదే నా గొడవ. తలుపు దగ్గరికొచ్చాక తెలిస్తే ఎలా ఉంటుందో ఆ మెథడిస్టులకే బాగా తెలియాలి. 1964 ఈస్టర్ రోజు, మిసిసిపీలోని జాక్సన్‌లో ఇద్దరు బిషప్పుల్ని, ఒకాయన నల్లవాడు, ఒకాయన తెల్లవాడు, సొంత మెథడిస్టు చర్చి గుమ్మంలోంచే వెనక్కి పంపేశారు. బిషప్పులకే దిక్కులేదు!

"నువ్వెలాగూ వెళ్ళవు, నీకెందుకు బే?" అంటాడు మా రూమ్మేటు. బోర్డుని లోపలికి కాకుండా రోడ్డు వైపు తిప్పి పెట్టింది నాలాంటోళ్ళ కోసమేగా, ఆ మాత్రం అడగకూడదా?

నేను రోజూ వెళ్ళే దారిలో ఒక చిన్న చర్చి ఉంది. బోర్డు మీద ప్రార్థన ఎన్నింటికో ఇంగ్లీషులో ఒకసారి, స్పానిష్‌లో ఒకసారి. పార్కింగు వెనకవైపని, ఏ గుమ్మంలోంచి రావాలో బాణం గుర్తు. స్వాగతమన్న ముక్క ఎక్కడా లేదు. ఎప్పుడైనా వెళ్ళాలనిపిస్తే ఆ బాణం పట్టుకునే వెళ్తా.