మాల్లో జీతమా? బజార్లో కొట్టా?

చించినాడ వంతెన దాటితే పాలకొల్లు, ఇటు తిరిగితే అమలాపురం, పెళ్లి బట్టలకైతే రాజమండ్రి తాడితోట. మా రాజోలు వాళ్ల షాపింగ్ మ్యాపు చాలాకాలం ఇంతే. ఇప్పుడు మాతో చదువుకున్నవాళ్లలో కొందరు హైదరాబాద్ మాల్స్‌లో కస్టమర్లుగా కాదు, కౌంటర్ వెనక ఉన్నారు. కొందరు ఊళ్లోనే రోడ్డు పక్కన మొబైల్ షాపో, రెడీమేడ్ కొట్టో పెట్టుకున్నారు. సంక్రాంతికి అందరం కలిస్తే వాదన ఒకటే: ఎవరి దారి మంచిది?

ఇది మా అరుగు మీద కబురు మాత్రమే కాదు. విజయవాడ గవర్నర్‌పేటలో ఆర్టీసీ పాత డిపో స్థలం 4 ఎకరాలకు పైగా లులు గ్రూపునకు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. విశాఖ బీచ్‌రోడ్డు స్థలానిది ఇంకా పాత కథ: 2018లో శంకుస్థాపన, 2019లో రద్దు, 2025లో మళ్లీ కేటాయింపు. అదే విశాఖలో, కైలాసపురంలో ఇనార్బిట్ మాల్‌కు 2023లో శంకుస్థాపన జరిగింది. ప్రతిసారీ చెప్పే మొదటి మాట ‘యువతకు ఉద్యోగాలు’. కాబట్టి ఆ ఉద్యోగం ఎలాంటిదో మనమూ లెక్క వేసుకోవాలి.

గవర్నర్‌పేటనే ఎందుకు చూడాలంటే, విజయవాడలో పేరున్న బజారు బీసెంట్ రోడ్డు ఉన్నదీ అక్కడే. షోరూములు, వాటి ముందు తోపుడు బండ్లు, గాజులు, చెప్పులు, చుడీదార్లు. ఒకే పేటలో ఒక వైపు పైకప్పు కింద మాల్, ఇంకోవైపు ఆకాశం కింద బజారు.

మాల్ ఇచ్చేదేంటి?

ముందు మంచి చెప్పుకుందాం. 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో పీఎఫ్ ఉండాలి. 10 మంది, అంతకు మించి ఉంటే, జీతం 21 వేల దాకా ఉన్నవాళ్లకు ఈఎస్ఐ ఉండాలి. వాన పడినా పని ఆగదు. టాయిలెట్ ఉంటుంది, సీసీ కెమెరా ఉంటుంది. రాత్రి దాకా పనిచేసే అమ్మాయికి ఇవి చిన్న విషయాలు కావు. రోడ్డు పక్కన కొట్టులో పనిచేసే మా చెల్లెళ్లను అడగండి, చెబుతారు.

రెండోవైపు చూస్తే, మాల్‌లో చిన్న వ్యాపారికి చోటు దొరకడం కష్టం. సాధారణంగా అక్కడ అద్దె అంటే నెలకు కనీస మొత్తం, లేదా అమ్మకాల్లో వాటా, ఏది ఎక్కువైతే అది. దానిపైన నిర్వహణ ఖర్చులు. పెద్ద బ్రాండ్లే దాన్ని తట్టుకుంటాయి. అంటే కోనసీమ కుర్రాడికి మాల్‌లోకి దారి ఉద్యోగిగానే, ఓనరుగా కాదు. పైగా రోజంతా నిలబడే పని. బట్టల షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాల్సి వచ్చిందంటే ఆ పని ఎలా ఉంటుందో ఊహించుకోండి.

బజారు ఇచ్చేదేంటి?

బజారులో ప్రవేశం చౌక. ఒక బండి, కొంత సరుకు, అప్పు ఇచ్చే హోల్‌సేల్ వ్యాపారి ఉంటే మొదలుపెట్టొచ్చు. పట్టణాల్లో వీధి వ్యాపారులకు 2014 చట్టం రక్షణ ఉంది. సర్వే చేయాలి, సర్టిఫికెట్ ఇవ్వాలి, టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి. పీఎం స్వనిధి కింద 2020లో 10 వేలతో మొదలైన తొలి విడత రుణాన్ని 2025లో 15 వేలు చేశారు. ఇంకాస్త పెద్దగా ఆలోచిస్తే ముద్ర రుణాలున్నాయి: శిశు కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా.

మన జిల్లాలోనే చూడండి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. అయినా అక్కడ ఏసీ మాల్ లేదు. రోడ్డు వెంబడి కొట్లే. కారు ఆపి కొనుక్కెళ్తారు.

కష్టాలు కూడా తెలిసినవే. తుపాను వస్తే బేరం లేదు. ఎండాకాలం మధ్యాహ్నం మనిషి రాడు. పీఎఫ్ లేదు. ఎప్పుడు బండి తీయమంటారో తెలియదు.

ఫోన్ తెచ్చిన మార్పు

నేను టెక్నాలజీ రాసేవాణ్ని కాబట్టి ఇక్కడ ఒక మాట. పదేళ్ల కిందట మాల్‌కూ కొట్టుకూ పెద్ద తేడా బిల్లింగ్, స్టాక్ లెక్క, కార్డు చెల్లింపు. 2016లో యూపీఐ వచ్చాక మిరపకాయ బజ్జీల బండికీ క్యూఆర్ కోడ్ ఉంది. స్టాక్ లెక్క, కస్టమర్ల నంబర్లు, గూగుల్ మ్యాప్స్‌లో చిరునామా, వాట్సాప్‌లో కొత్త డిజైన్ల ఫొటోలు, అన్నీ ఒక్క ఫోన్‌లో అయిపోతున్నాయి. మాల్‌కు ఇంకా మిగిలిన ఆధిక్యం ఏంటంటే నీడ, టాయిలెట్, డ్రైనేజీ, పార్కింగ్, వెలుతురు. వీటిని ఏ కుర్రాడూ ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకోలేడు. పంచాయతీ, మున్సిపాలిటీ, ప్రభుత్వమే ఇవ్వాలి.

నా అభ్యంతరమూ ఇక్కడే. మాల్ వద్దని కాదు. మాల్‌కు ఎకరాల్లో స్థలం ఆలోచించే ప్రభుత్వం, బజారుకు ఒక వరస షెడ్లు, నాలుగు టాయిలెట్లు ఎందుకు ఆలోచించదు?

నాలుగు గోడల మధ్య, పైకప్పు కింద ఉండే మాల్ పుట్టింది 1956లో, అమెరికాలోని మిన్నెసోటాలో. అక్కడ చలి అలాంటిది. అదే అమెరికాలో తర్వాత చెట్లు, నడిచే వీధులతో ఆరుబయట షాపింగ్ ప్రాంతాలు కట్టారు. తెలుగువాళ్లు బాగా ఉండే ఆస్టిన్‌లో 2007లో మొదలైన డొమైన్ అలాంటిదే. మన గల్ఫ్ వాళ్లనడగండి: దుబాయ్ మాల్‌ తిరిగి చూస్తారు, బంగారానికి దేరా బజారుకే వెళ్తారు. రెండూ ఒకే ఊళ్లో బతుకుతున్నాయి.

మరి మీరేం చేయాలి?

మా క్లాస్‌మేట్ ఒకడు హైదరాబాద్‌లో బట్టల స్టోర్‌లో మూడేళ్లు చేసి, వచ్చి ఊళ్లో పిల్లల బట్టల షాపు పెట్టాడు. “కదలని సరుకు డబ్బు తినేస్తుందిరా, అక్కడ నేర్చుకున్నది అదే” అంటాడు. ఏ సైజు ఎన్ని తేవాలో వాడికి ఇప్పుడు తెలుసు.

ప్రతి నెలా ఇంటికి డబ్బు పంపక తప్పనివాళ్లు మాల్ ఉద్యోగం మొహమాటపడకుండా చేయండి. చేరేముందు మూడు అడగండి: జీతం ఇచ్చేది స్టోరా, ఏజెన్సీయా? పీఎఫ్, ఈఎస్ఐ నంబరు ఎప్పుడిస్తారు? బిల్లింగ్ దాటి స్టాక్, కొనుగోలు విభాగాల్లోకి పంపిస్తారా? మూడోదానికి ‘లేదు’ అంటే అక్కడ ఏళ్లు గడపొద్దు.

కొట్టు పెట్టాలనుకునేవాళ్లు మూడు నెలల అద్దె విడిగా దాచాకే షట్టర్ ఎత్తండి. అడ్వాన్స్ ఇచ్చేముందు వానాకాలంలో ఒకసారి ఆ వీధిలో నిలబడి చూడండి. నీళ్లు నిలిచే చోట కస్టమర్ నిలవడండీ.