ఒక వోటు, ఒకే చోటు

కామాఠిపురలోను, నగరమందలి ఇతర చాళ్ళలోను తరతరములుగా నివసించుచున్న మన కుటుంబములలో పెక్కింటికి రెండు ఊళ్ళు కలవు. బ్రతుకుతెరువు ఇచ్చట, పెద్దల ఇల్లు, జాతర, పెండ్లి సంబంధములు అచ్చట. ఇందులో తప్పేమియు లేదు. వోటును గూడ రెండుచోట్ల ఉంచుకొనుట మాత్రము తప్పు.

2024 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణమున మే 13వ తేదీని, ముంబయిలో మే 20వ తేదీని పోలింగు జరిగినది. నడుమ వారము దినముల ఎడమున్నది గనుక రెండుచోట్లను వోటు వేయవచ్చునని కొందరికి తోచవచ్చును. కాని ఒకటికి మించిన నియోజకవర్గములలో పేరుండరాదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము శాసించుచున్నది. అట్లు రెండుచోట్ల వేసిన వోట్లు రెండును చెల్లవని 1951 నాటి చట్టము చెప్పుచున్నది. రెంటికి చెడ్డ రేవడి యన నిదియే గదా!

పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా దేశమున అధ్యక్షునికిని, పార్లమెంటు సభ్యునికిని ఒక్కనాడే వేర్వేరు పత్రములపై వోటు వేయుదురు. వోటరు వ్రేలిముద్రను యంత్రముతో సరిచూతురు. మన దేశము విశాలము. 2024లో ఏప్రిల్ 19 మొదలు జూన్ 1 వరకు ఏడు విడతలుగా పోలింగు సాగినది. కావున వ్రేలిపై సిరాచుక్కతోపాటు వోటరు నిజాయితీ గూడ ఇచ్చట అవసరము.

వోటు ఎచ్చట ఉండవలెను? సాధారణముగా నివసించుచోటనే. స్వగ్రామమున ఇల్లున్నంతమాత్రమున అచ్చటి నివాసి కాజాలడని చట్టమే స్పష్టపరచినది. శాసనసభకును, కార్పొరేషనుకును ఆధారము ఈ జాబితాయే. చాలు మరమ్మతు, నీటి కుళాయి, మురుగు కాలువల గూర్చి మనము మొరపెట్టుకొనునది ఇచ్చటి ప్రతినిధులతోనే. జాబితాలో పేరులేని వీధి మాటను వారేల లెక్కింతురు?

పదునెనిమిదేండ్లు నిండినవారు 6వ ఫారమును, నివాసము మారినవారు 8వ ఫారమును నింపవలెను. అత్తవారింటికి వచ్చిన కోడండ్ర పేర్లు పుట్టినూళ్ళలోనే నిలిచిపోకుండ చూడవలెను. చాలు పునర్నిర్మాణమునకై తాత్కాలిక వసతులకు తరలువారు మరింత జాగ్రత్త వహింపవలెను. చేత గుర్తింపు కార్డున్నను, జాబితాలో పేరు లేనిచో వోటు లేదు.

ఎన్నికల దినమున వెదకుకొనుటకన్న ముందే ప్రతి చాలులోను చదువుకొన్న యువకులు, యువతులు ఇంటింటికి పోయి జాబితాను సరిచూడవలెనని మా మనవి. ఊరిపై మమకారమును విడువుడని మేము చెప్పము. ఉన్నచోటి హక్కును విడువవలదని మాత్రమే చెప్పుచున్నాము.