ఇంటి టేపులలోని తత్త్వములు

కదిరి చెంతనున్న కటారుపల్లెలో వేమన సమాధికిని, కడప సీమలో కందిమల్లాయపల్లె బ్రహ్మముగారి మఠమునకును, కన్నడదేశపుటంచున కైవార నారాయణ తాతయ్య సన్నిధికిని ఆరాధనల వేళ చేరి, తంబూర, కంజిర, తాళములు తప్ప వేరు సంపద యెరుగక, రాత్రియెల్ల తత్త్వములు పాడి, తెల్లవారగనే మరియొక యూరి దారి పట్టు మేళములు అనంతపుర సీమలో నేటికిని గలవు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపుచ్చుకొను ఈ మెట్టనేలపై వేరుశనగ చేతికందని యేడు సయితము గురుపూజ మానుకొనని పల్లెలున్నవి. ఆ పల్లెలే వారికి పోషకులు.

వారి పాటలో దేహము తొమ్మిది వాకిళ్ళ కోటయగును. చెట్టు తలక్రిందై వేళ్ళు మింట పారును. ముందరివాడెత్తిన పల్లవిని వంతవారందుకొని, మరల మరల త్రిప్పి పాడుచు, నడకను క్రమక్రమముగ హెచ్చించి, తుదకు మాట కరగి నాదమొక్కటియే మిగులు తావునకు వినువానిని గొనిపోవుదురు. 1960ల దశకమున పాశ్చాత్య యువకులు సైకెడెలిక్ ఫోక్ అను పేర వెదకికొనిన చిత్తావస్థకు ఇది మిగుల చేరువయైనదని నా నమ్మకము. వారికది నూతనాన్వేషణము, మన రైతుకూలీలకు, చేనేతవారికి, బ్రహ్మముగారి శిష్యుడగు దూదేకుల సిద్ధయ్యను తమవాడని తలచు ముస్లిములకు అది గురుముఖమున వచ్చిన సొత్తు.

ఈ పాటకు నిజమైన గ్రంథాలయము ఇండ్ల అటుకలమీద నున్నది. కువైత్ పోయివచ్చిన బంధువు తెచ్చిన టేపురికార్డరును మేళము నడుమ నుంచి, ఎవరో యొకరు బొత్తాము నొక్కి పట్టిన క్యాసెట్టులవి. వానిలో పల్లవి మొదటి పాదము తరచుగా లోపించును, "ఏమప్పా, తిరుగుతాందా?" యని యొక గొంతు వినవచ్చును, కుక్క మొరుగును, పసిబిడ్డ యేడ్చును. 60 నిమిషముల క్యాసెట్టున నొకప్రక్కకు 30 నిమిషములే గాన, పాట యుచ్చస్థితినందిన యదనున తెగిపోయి, రెండవ ప్రక్కన నొక చరణము దాటి మొదలగును. రాత్రి గడచినకొలది సెల్లులు నీరసించి టేపు మెల్లగా తిరుగును; అట్లు పట్టిన పాటను పిదప క్రొత్త సెల్లులు వేసి వినునప్పుడు శ్రుతియు వేగమును రెండును పైకెగయును. తెల్లవారుజాము తత్త్వమునందలి యా యుద్ధృతిలో గాయకుల పరవశత్వమెంతయో, సెల్లుల నీరసమెంతయో చెప్పజాలము. ఒడలు మాత్రము ఝల్లుమనును.

1967లో వంగదేశపు బావుల్ గాయకులు పూర్ణదాసు, లక్ష్మణదాసులు అమెరికాకేగినప్పుడు, బాబ్ డిలన్ సహవాద్యకారుల బిగ్ పింక్ అను నింటి నేలమాళిగలో గార్త్ హడ్సన్ వారి పాటను టేపునకెక్కించెను. ఆ టేపు రికార్డుగా వెలువడి లోకమెల్ల తిరిగినది. నేలమాళిగకు దొరికిన గౌరవము మన అటుకకేల దొరకరాదు?

తత్త్వముల పుస్తకములు తిరునాళ్ళలో దొరకుచునే యున్నవి గదా యనువారుందురు. పుస్తకము మాటను నిలుపును గాని, గాయకుడు చరణమును మార్చి తన గురువు పేరును చొప్పించిన తీరును, వంతవారు దానికి పలికిన "ఆహా"ను నిలుపజాలదు. 1829లో 693 వేమన పద్యములను ప్రకటించిన బ్రౌను దొర తప్పులతడకలైన వ్రాతప్రతులను త్రోసిపుచ్చలేదు. వానినన్నిటిని సమకూర్చి పండితులచేత సరిచూపించెను. నేడు తత్త్వములకు ఈ క్యాసెట్టులే వ్రాతప్రతులు.

అనంతపురపు టెండకు టేపులు పొరకు పొర అంటుకొనుచున్నవి; వానికి బూజును పట్టుచున్నది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమువారు గాని, ఆకాశవాణివారు గాని యూరూర తిరిగి వీనిని డిజిటల్ ప్రతులుగా మార్పింపవలెనని మా మనవి. కుక్క మొరుగును, పసిబిడ్డ యేడుపును చెరపరాదు. సెల్లుల వేగమును సరిదిద్దదలచినచో దిద్దని ప్రతిని గూడ నుంచవలెను. ప్రతి టేపునకును ఊరు, మేళము, ముందరి గొంతు, గురుపరంపర, వంతపాడిన స్త్రీల పేర్లు వ్రాయవలెను. తయారైన మొదటి ప్రతి యా యింటికే చేరవలెను.