సొంత లోడు బండి కొనాలా, బాడుగకి పిలవాలా? ముందు ట్రిప్పులు లెక్కపెట్టండి



ఈ మధ్య మన కుర్రాళ్లు ఫోన్లో అమెరికా పొలాల వీడియోలు తెగ చూస్తున్నారు. వాటిలో ఒక చిన్న బండి కనపడుతుంది. పక్కపక్కన రెండు సీట్లు, పైన ఇనప పైపుల పంజరం, వెనక ఎత్తి కుమ్మరించే చిన్న తొట్టి, నాలుగు లావు టైర్లు. బురదా గడ్డీ అని చూడకుండా పోతుంది. "మనకీ ఇలాంటిది ఒకటుంటే ఎంత సుఖం బాబాయ్" అని అడుగుతున్నారు. అది దొరక్కపోతే కనీసం టాటా ఏసో, ట్రాలీ ఆటోనో సొంతానికి కొందామని షోరూముల చుట్టూ తిరిగేవాళ్లు మా పల్నాడు వైపు చాలామందే ఉన్నారు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఐదారెకరాల లోపు మిరప, పత్తి, వరి వేసే రైతుకి సొంత లోడు బండి దండగ. కూరగాయలు, పూలు, పాలు లాంటి సరుకు రోజూ బయటికి పోయే రైతుకి అది అవసరం. ఈ రెండిటి మధ్య గీత ఎక్కడుందో లెక్క కట్టి చూపిస్తాను.

ముందు ఆ అమెరికా బండి సంగతి

ఇది అక్కడ కొత్తది కాదు. కవాసాకీ వాళ్ల మ్యూల్ 1988లో, జాన్ డీర్ వాళ్ల గేటర్ 1992లో వచ్చాయి. ఎందుకు నిలబడ్డాయంటే అక్కడి కమతం అట్లాంటిది. 2022 లెక్కల ప్రకారం అమెరికాలో సగటు కమతం 463 ఎకరాలు. చాలామందికి ఇల్లు పొలంలోనే ఉంటుంది. పొద్దున్నే లేచి కంచె చూసుకోవాలన్నా, దూడలకి మేత వేయాలన్నా, అవతలి మూలకి పనిముట్లు పట్టుకెళ్లాలన్నా కిలోమీటర్లు తిరగాలి. అదంతా సొంత భూమిలోనే. రోడ్డు ఎక్కే పని తక్కువ. రోజూ పదిసార్లు స్టార్ట్ అయ్యే బండి కాబట్టి పది వేల డాలర్ల పైన పెట్టి కొన్నా వాళ్లకి గిట్టుతుంది.

మన సంగతి చూడండి. 2015-16 వ్యవసాయ లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ సగటు కమతం 0.94 హెక్టార్లు, అంటే రెండెకరాల ముప్పై సెంట్లు. తెలంగాణలో 1 హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. అది కూడా ఒక్కచోట ఉండదు. చెరువు కింద అరెకరం, మెట్ట మీద ఎకరం, మిగతాది కౌలుకి తీసుకున్నది ఇంకో దిక్కున. ఇల్లు ఊళ్లో, పొలం ఊరి బయట. మన బండి పొలంలో తిరిగేది తక్కువ, రోడ్డు మీదా డొంకలోనూ తిరిగేది ఎక్కువ. ఆ పంజరం బళ్లలో చాలావాటికి రోడ్డు రిజిస్ట్రేషనే ఉండదు. గేటు దాటితే పనికిరాని బండి మనకెందుకు?

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ తరహా బళ్లు చేసే అమెరికా కంపెనీ పొలారిస్, మన ఐషర్‌తో 2012లో సగం సగం వాటాగా జత కట్టింది. 2015లో జైపూర్ ఫ్యాక్టరీ నుంచి మల్టిక్స్ అనే బండి వదిలారు. రోడ్డు మీద నడిచే చిన్న డీజిల్ బండి. ఇంటిల్లిపాదీ ఐదుగురు ఎక్కొచ్చు, వెనక సీటు మడిస్తే సరుకు వేసుకోవచ్చు, కరెంటు పోతే బండి ఇంజన్‌తోనే 3 కిలోవాట్ల దాకా కరెంటు తీసుకోవచ్చు. ధర మొదలు 2 లక్షల 30 వేల పైచిలుకు. చదివితే మన కోసమే చేసినట్టుంటుంది. అయినా సరిగా అమ్ముడుపోలేదు. చివరికి 2018 మార్చిలో మూసేశారు.

నా ఉద్దేశంలో కారణం సులువే. ఆ డబ్బు పెట్టగలిగినవాడు సెకండ్ హ్యాండ్‌లో పూర్తి లోడు బండి చూశాడు, లేదా పాత కారు చూశాడు. అన్నీ కొంచెం కొంచెం చేసే బండికి లక్షలు పెట్టలేదు. మన రైతు లెక్క తెలియనివాడేం కాదు.

ఇప్పుడు అసలు లెక్క

రేట్లు ఊరికో రకంగా ఉంటాయి. నేను కొన్ని అంకెలు అనుకుని వేస్తున్నా, మీరు మీ ఊరి అంకెలు పెట్టుకోండి.

కొత్త చిన్న లోడు బండి రోడ్డు మీదకొచ్చేసరికి ఐదున్నర లక్షలు అనుకుందాం. లక్షన్నర చేతినుంచి కట్టి, 4 లక్షలు లోను. 11 శాతం వడ్డీ, నాలుగేళ్ల గడువు. కిస్తీ నెలకి దాదాపు 10,300 పడుతుంది. ఏడాదికి లక్షా 24 వేలు. ఇన్సూరెన్సు, టైర్లు, సర్వీసింగు, చిన్నాచితకా రిపేర్లు కలిపి ఏడాదికి 40 వేలు. మొత్తం లక్షా 64 వేలు. నాలుగేళ్ల తర్వాత బండి అమ్మితే వచ్చే డబ్బు, ముందు కట్టిన లక్షన్నరకి చెల్లు అనుకుందాం.

ఇప్పుడు బాడుగ. పక్క టౌనుకి ఒక ట్రిప్పు 1,200 అనుకోండి. సొంత బండయినా డీజిల్ పోయాలిగా, దానికి 400. అంటే ట్రిప్పుకి మిగిలేది 800. లక్షా 64 వేలని 800తో భాగించండి. 205.

ఏడాదికి 205 ట్రిప్పులు వేస్తేనే సొంత బండి, బాడుగ బండి సమానం. లాభం 206వ ట్రిప్పు నుంచి మొదలు. మీరే తోలాలి, ఆ పూట మీ కూలి లెక్కలో లేదు.

మూడెకరాల మిరప, రెండెకరాల వరి ఉన్న ఇంట్లో నిజంగా పడే ట్రిప్పులు ఎన్ని? ఎరువులు ఐదారుసార్లు. నారు, విత్తనాలు రెండు. పైపులు, మోటారు రిపేరుకి రెండు మూడు. ఎకరానికి 20 క్వింటాళ్లు పండిందనుకున్నా 60 క్వింటాళ్ల మిరపకాయ, ముప్పావు టన్ను బండికి ఎనిమిది ట్రిప్పులు. గుంటూరు యార్డుకైతే నలుగురైదుగురు కలిసి పెద్ద బండి మాట్లాడుకుంటాం కాబట్టి అదీ తగ్గుతుంది. ధాన్యం ట్రాక్టరు ట్రక్కులో పోతుంది. ఎంత లాగినా ముప్పై, నలభై దాటదు. 205 ఎక్కడ, 40 ఎక్కడ?

"సెకండ్ హ్యాండ్ తీసుకుంటే?" అంటారు. రెండున్నర లక్షలు పెట్టారనుకోండి. ఆ డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందయితే ఏడాదికి 60 వేలు వడ్డీయే. రిపేర్లు, ఇన్సూరెన్సు 50 వేలు. బండి విలువ తరిగేది 30 వేలు. మొత్తం లక్షా 40 వేలు, అంటే 175 ట్రిప్పులు. పాత బండయినా గీత పెద్దగా కిందికి దిగలేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. కిస్తీ నెలనెలా వస్తుంది. మన పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది. మధ్యలో పది నెలలు ఆ 10,300 ఎక్కడినుంచి తెస్తారు? చేబదులు తెచ్చి కిస్తీ కట్టడం మొదలైందంటే బండి మనల్ని తోలుతున్నట్టే.

"మబ్బు పట్టినప్పుడు బాడుగ బండి వస్తుందా?"

సొంత బండి కావాలనేవాళ్ల మాటల్లో గట్టిది ఇదే. కళ్లంలో కాయ ఉంది, పడమర నల్లబడింది. ఆ టైంకి ఊళ్లో ఉన్న రెండు ట్రాలీలూ ఎవరో ఒకరి దగ్గర ఉంటాయి. ఫోను ఎత్తరు. ఎత్తినా రెట్టింపు అడుగుతారు. ఆ బాధ నిజం, కాదనను.

కానీ ఒక మాట. అరగంటలో వాన వచ్చేటప్పుడు యాభై టిక్కీల కాయని కళ్లం నుంచి ఇంటికి చేర్చడం సొంత బండితోనైనా అయ్యే పనేనా? ఆరబోసిన కాయని సంచులకెత్తడానికే మనుషులు చాలరు. ఆ పూట పంటని కాపాడేది మంచి పట్టా. ఇంకోటి, మాది నల్లరేగడి. రెండు వానలు పడితే ఆ చిన్న టైర్ల బండి డొంకలో ఇరుసు దాకా దిగుతుంది. లాగడానికి మళ్లీ ట్రాక్టరు పిలవాలి. అమెరికా బండికి నాలుగు చక్రాలూ తిరుగుతాయి, అక్కడ దానిదే పైచేయి. మనం కొనే బండికి ఆ సుగుణం లేదు.

కూలీలను ఎక్కించుకునే ముందు

బండి కొనాలనేవాళ్లు మెల్లగా చెప్పే ఇంకో కారణం ఉంది. "కోతలప్పుడు కూలీలను మనమే తెచ్చుకోవచ్చు." మిరపకోతకి మనుషులు దొరకని రోజుల్లో ఇది నిజంగా ఆశ పెట్టే మాటే.

దయచేసి ఆ ఆలోచన మానుకోండి. సరుకు బండిలో మనుషులను ఎక్కించడం చట్టప్రకారం తప్పు. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకి ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. బండి బోల్తా పడితే నష్టపరిహారం చివరికి ఓనరు నెత్తికే చుట్టుకుంటుంది. ఎకరం అమ్మినా తీరకపోవచ్చు.

చట్టం సంగతి అట్లా ఉంచండి. వెనక తొట్టిలో సీటు లేదు, పట్టుకోవడానికి కడ్డీ లేదు. ఆ అమెరికా బండికి పైన పంజరం, సీటుకి బెల్టు పెట్టింది బోల్తా పడితే మనిషి దక్కాలని. మన తొట్టిలో అన్నం క్యారేజీలు పెట్టుకుని నిలబడి వచ్చేది మన ఊరి అక్కలూ వదినలే. కోతల కాలంలో పేపరు తీస్తే ఇట్లాంటి వార్తలు చదువుతూనే ఉన్నాం. ముఠాకి సీట్లున్న ఆటో మాట్లాడితే నాలుగు డబ్బులు ఎక్కువవుతాయి, అవనివ్వండి.

మరి ఎవరు కొనాలి?

కూరగాయలు వేసేవాళ్లు. బెండ, బీర, టమాటా రోజు మార్చి రోజు కోస్తే ఒక్కడికే సీజన్‌లో వంద ట్రిప్పులు దాటతాయి. పక్క చేను రైతు సరుకు కూడా వేసుకుంటే గీత దాటేస్తారు. మార్కెట్‌కి గంట ముందు చేరితే వచ్చే ధర అదనం.

పది గేదెలు ఉన్నవాళ్లు. రోజూ పచ్చగడ్డి తేవాలి, పాలు పోయాలి. వాళ్ల లెక్క వేరు.

బండిని బాడుగలకి తిప్పే కుర్రాడు ఇంట్లో ఉన్నవాళ్లు. అయితే అది వ్యవసాయ ఖర్చు కింద రాయకండి, అదొక వ్యాపారం. బాడుగలు నెలకి ఎన్ని దొరుకుతాయో ముందు ఊళ్లో ఉన్న బండివాళ్లనే అడగండి.

కొనేవాళ్లకి కాగితాల సంగతి. 7,500 కిలోల లోపు బండికి కారు లైసెన్సు సరిపోతుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోల లోపు ఉండే సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. ఫిట్‌నెస్ మాత్రం ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు తేదీలు, పాత లోను తీరిందా లేదా చూడకుండా బయానా ఇవ్వొద్దు.

మిగతావాళ్లు ఏం చేయాలి?

మన రైతు అసలైన పొలం బండి ఎప్పుడో వచ్చేసింది. టీవీఎస్ ఎక్సెల్. 100 సీసీ కూడా నిండని ఇంజన్, ముందర ఒక 45 కిలోల యూరియా బస్తా, వెనక మందు డబ్బాలు, పక్కన పాల క్యాను. గట్టు మీదా పోతుంది, టౌనుకీ పోతుంది. పాడైతే ఊళ్లోనే బాగుచేస్తారు. రోజువారీ పనిలో ముప్పావు వంతు అదే లాగేస్తుంది.

రెండోది, ఊళ్లో నమ్మకమైన ట్రాలీ కుర్రాడితో ఏడాది మాట. సీజన్‌కి ముందే నలుగురు రైతులు కలిసి తలా ఐదు వేలు అడ్వాన్స్ ఇవ్వండి, బాడుగల్లో విరగ్గోసుకోండి. పిలిస్తే ముందు మన దగ్గరికి రావాలి, రేటు ముందే ఖాయం కావాలి. అతనికీ పని గ్యారంటీ, మనకీ బండి గ్యారంటీ.

మూడోది డొంక. ఒక డొంక మీద ఇరవై మంది రైతులుంటే తలా ఐదు వేలు వేసుకుంటే లక్ష. గుంతల చోట గ్రావెల్ పోయించొచ్చు. అప్పుడు ఎవరి బండయినా పొలం దాకా వస్తుంది. దారి లేని పొలానికి ఎంత ఖరీదు బండి కొన్నా అది ఇంటి ముందే నిలబడుతుంది.

ఇంటి ముందు బండి ఉంటే దర్జా అనీ, పిల్లాడికి సంబంధాలు వస్తాయనీ కొనేవాళ్లున్నారు. పిల్లనిచ్చేవాళ్లు ఈ రోజుల్లో బండి మీద ఎంత కిస్తీ ఉందో కూడా అడుగుతున్నారు, అది గుర్తుంచుకోండి.

షోరూముకి వెళ్లేముందు ఒక్క పని చేయండి. గోడకున్న క్యాలెండర్ తీసుకుని, పోయిన ఏడాది బండి పిలిచిన ప్రతి తేదీకీ సున్నా చుట్టండి. సున్నాలు 200 దగ్గరికొస్తే కొనేయండి, నేనే వచ్చి కొబ్బరికాయ కొడతా. 40 దగ్గర ఆగిపోతే ఆ డబ్బు బోరుకో, పిల్లల ఫీజుకో ఉంచుకోండి.

మీ ఊళ్లో ట్రిప్పు బాడుగ ఎంత, మీకు ఏడాదికి ఎన్ని పడుతున్నాయో కింద రాయండి. సొంత బండి పెట్టుకుని గిట్టించుకుంటున్నవాళ్లు ఎట్లా గిట్టిందో తప్పకుండా చెప్పండి, పదిమందికి పనికొస్తుంది.