కూలిందా, కూల్చారా?

తెలుగు సొంతంగా నేర్చుకునేవాళ్ళని బాగా తిప్పలు పెట్టే క్రియల జంటలు కొన్ని ఉన్నాయి. కూలు, కూల్చు. మారు, మార్చు. చెదురు, చెదరగొట్టు. మొదటి రకానికి ఆ పని చేసినవాడు అక్కర్లేదు. చెట్టు కూలింది అంటే గాలికి కూలి ఉండొచ్చు, ముసలిదై కూలి ఉండొచ్చు. చెట్టుని కూల్చారు అంటే మాత్రం ఎవరో గొడ్డలి పట్టుకుని వచ్చారన్నమాట.

ఈ తేడా నాకు ఇవాళ డొమినికన్ రిపబ్లిక్ గురించి మాట్లాడటానికి కావాలి. 1961 మే 30 రాత్రి అక్కడి నియంత రాఫాయెల్ ట్రుహియోని కాల్చి చంపారు. ఆ తర్వాతి ఐదేళ్ళ గురించి ఎక్కడ చదివినా దాదాపు ఒకే రకం వాక్యాలు కనిపిస్తాయి. దేశంలో అనిశ్చితి ఏర్పడింది. ఎన్నికైన ప్రభుత్వం కూలిపోయింది. పరిస్థితి చెయ్యి దాటింది. అమెరికా సైన్యం రావలసి వచ్చింది. అన్నీ జరిగిపోయాయి, చేసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు!

ఇలాంటి వాక్యాలు చదివి చదివి మన ఇళ్ళల్లో భోజనాల దగ్గర పెద్దవాళ్ళు ఒక తీర్పు చెప్పేస్తూ ఉంటారు. మీరూ వినే ఉంటారు. "కొన్ని దేశాలకి ప్రజాస్వామ్యం పడదమ్మా. గట్టిగా పట్టుకునేవాడు ఒకడుండాలి. వాడు పోతే ఇంతే." పెద్దవాళ్ళని ఎదిరించి మాట్లాడకూడదని మనకి నేర్పించారు కాబట్టి తల ఊపి పప్పు వడ్డించుకుంటాం. నేను ఇక్కడ తల ఊపదలుచుకోలేదు.

'అనిశ్చితి' అంటే నిశ్చయం లేకపోవడం. సరే, ఆ దేశంలో నిశ్చయం ఎవరికి లేదు?

ముందు ట్రుహియో గురించి కొంచెం. (ఇంగ్లీషు అక్షరాలు చూసి 'ట్రుజిల్లో' అని చదవకండి. మన లిపిలో పలికినట్టే రాసుకోవచ్చు, అది మన అదృష్టం.) 1916 నుంచి 1924 దాకా అమెరికా సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించి కూర్చుంది. పోతూ పోతూ తాను తయారుచేసిన సాయుధ దళాన్ని వదిలి వెళ్ళింది. ట్రుహియో అందులో పైకొచ్చిన మనిషి. 1930లో అధికారం పట్టాడు. 1936లో రాజధాని సాంతో దొమింగో పేరు తీసేసి తన పేరు పెట్టుకున్నాడు, సియుదాద్ ట్రుహియో అని. దేశంలో అన్నిటికంటే ఎత్తైన కొండకీ తన పేరే. ఈ ఇంట్లో యజమాని ట్రుహియో అని రాసిన పలకలు జనం తమ ఇళ్ళల్లోనే తగిలించుకోవాల్సి వచ్చేది. చక్కెర మిల్లుల్లో చాలా భాగం ఆ కుటుంబానివే. పాస్‌పోర్టు కావాలన్నా ఆయన దయ ఉండాలి.

1937లో సరిహద్దు ప్రాంతాల్లో ఉన్న హైతీ జనాన్ని వేల సంఖ్యలో చంపించాడు. అప్పుడు సైనికులు కొత్తిమీర లాంటి ఒక ఆకు చూపించి దాని పేరు స్పానిష్‌లో పలకమనేవాళ్ళని చెబుతారు. ఆ మాటలో 'ర' సరిగ్గా పలకనివాడు హైతీవాడు, అంతే, ప్రాణం పోయినట్టే. ఇది ఎంతవరకు అక్షరాలా నిజమని చరిత్రకారులు వాదించుకుంటారు. మన 'ళ' కీ మన 'ణ' కీ చుట్టాలు నవ్వితేనే మనకి ముఖం ఎర్రబడుతుంది. ఆ కథ విన్న దగ్గర్నుంచి నేను ఎవరి యాసనీ వెక్కిరించలేను.

1960 నవంబరు 25న పాత్రియా, మినేర్వా, మారియా తెరేసా అనే ముగ్గురు మిరబల్ అక్కచెల్లెళ్ళనీ, వాళ్ళ డ్రైవర్‌నీ ట్రుహియో మనుషులు కొట్టి చంపి, జీపుని లోయలోకి తోసి, రోడ్డు ప్రమాదం అన్నారు. చూశారా, అక్కడా అదే వ్యాకరణం. జీపు 'పడిపోయింది'.

ఆ తర్వాత ఆరు నెలలకి ట్రుహియో వంతు వచ్చింది. డొమినికన్లు ఆ ఘటనని మామూలు హత్య అనరు. వాళ్ళ స్పానిష్ మాటకి అర్థం, న్యాయంగా మరణశిక్ష అమలు చేయడం. మనకి దగ్గరి మాట 'వధ'. నరకాసుర హత్య అని మనం అనం కదా, నరకాసుర వధ అంటాం. కానీ మన కథలో నరకుడు చచ్చిన మర్నాడే దీపావళి. దీపాలు పెట్టేస్తాం, కథ అయిపోతుంది. వాడి సైన్యం ఏమైంది, కోశాగారం ఎవరి చేతికి వెళ్ళింది, జైలు తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి అని మనం ఎప్పుడూ అడగలేదు. పండగకి అది అక్కర్లేదు. దేశానికి కావాలి.

చంపినవాళ్ళకి ఒక పథకం ఉంది. సైనిక దళాల మంత్రి జనరల్ రొమాన్ కూడా కుట్రలో భాగమే. శవాన్ని కళ్ళతో చూశాక ఆయన అధికారం చేతిలోకి తీసుకుని కొత్త ప్రభుత్వం ప్రకటించాలి. ఆ రాత్రి రొమాన్ ఆ పని చేయలేదు. గంటలు గడిచిపోయాయి. రహస్య పోలీసులు వేట మొదలుపెట్టారు. నియంత కొడుకు రామ్‌ఫిస్ పారిస్ నుంచి వచ్చి వాలాడు. రొమాన్‌ని చిత్రహింసలు పెట్టి చంపారు. కుట్రదారుల్లో చాలామంది దొరికిపోయారు. నవంబరులో దేశం వదిలి పారిపోయే ముందు రామ్‌ఫిస్ జైల్లో మిగిలిన ఆరుగురిని బయటికి తెప్పించి కాల్చి చంపించాడు.

మరి ఇదంతా జరుగుతున్నప్పుడు దేశాధ్యక్షుడు ఎవరు? హువాకిన్ బలగేర్. ట్రుహియో కూర్చోబెట్టిన మనిషే. పుస్తకాలు రాసే, మెల్లగా మాట్లాడే మనిషి. యజమాని అంత్యక్రియల్లో కన్నీటి ప్రసంగం చేసింది ఆయనే. కొన్ని నెలల తర్వాత ప్రజాస్వామ్యం గురించి ప్రసంగాలు చేసిందీ ఆయనే. పాము చచ్చింది గానీ పుట్ట పుట్టలాగే ఉంది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

1961 చివర్లో జనం వీధుల్లోకి వచ్చారు. వాళ్ళకి ఏం కావాలో చాలా స్పష్టంగా తెలుసు: ట్రుహియో కుటుంబం పోవాలి, ఎన్నికలు కావాలి. కుటుంబం పోయింది. 1962 జనవరిలో ఒక జనరల్ అధికారం లాక్కోబోతే రెండు రోజుల్లో ఆ ప్రయత్నం విఫలమైంది. బలగేర్ కూడా దేశం వదిలి వెళ్ళాడు. తాత్కాలిక మండలి ఎన్నికలు పెట్టింది. 1962 డిసెంబరు 20న, ముప్పై ఏళ్ళుగా నిజమైన ఓటు ఎరగని జనం వరసల్లో నిలబడి ఓటేశారు. హువాన్ బోష్ అనే కథా రచయిత, ఎన్నో ఏళ్ళు ప్రవాసంలో ఉండి తిరిగొచ్చినవాడు, దాదాపు 59 శాతం ఓట్లతో గెలిచాడు.

యాభై తొమ్మిది శాతం! ఇందులో అనిశ్చితి ఎక్కడుందో నాకు ఎవరైనా చూపించండి.

1963 ఏప్రిల్‌లో కొత్త రాజ్యాంగం వచ్చింది. కూలీలకి హక్కులు, పెద్ద పెద్ద భూకమతాల మీద ఆంక్షలు, విడాకుల హక్కు. చర్చి పెద్దలకి కోపం వచ్చింది. భూస్వాములకి భయం వేసింది. వ్యాపారులు దుకాణాలు మూశారు. సైనికాధికారులు కమ్యూనిజం వచ్చేస్తోందన్నారు. బోష్‌లో లోపాలు లేవని నేను అనను. మొండివాడు, కలుపుకుపోయే గుణం తక్కువ, శత్రువుల్ని ఒకేసారి అందరినీ చేసుకున్నాడు. కానీ ఆయన ఎవరినీ చిత్రహింసలు పెట్టలేదు, పత్రికల నోరు నొక్కలేదు. మొండివాడు నచ్చకపోతే వచ్చే ఎన్నికల్లో ఓడించొచ్చు. సెప్టెంబరు 25న సైన్యం ఆయన్ని దింపేసి, ఓడ ఎక్కించి దేశం దాటించింది. ఏడు నెలల పాలన. ఆ ప్రభుత్వం కూలలేదు, కూల్చారు. తిలా పాపం తలా పిడికెడు అంటారే, అలా అందరూ తలా ఒక చెయ్యి వేశారు.

ఇందులో వాషింగ్టన్ పిడికిలి ఎంత? ట్రుహియోని చంపినవాళ్ళకి అమెరికా మనుషులు కొన్ని తుపాకులు అందించారని 1975లో అమెరికా సెనేట్ విచారణే బయటపెట్టింది. చంపడానికి సాయం దొరికింది, తర్వాత జరగాల్సినదానికి కాదు. అధ్యక్షుడు కెనడీ లెక్క ఏమిటంటే, అక్కడ మూడు అవకాశాలున్నాయి: మంచి ప్రజాస్వామ్యం, ట్రుహియో తరహా పాలనే కొనసాగడం, లేదా కాస్ట్రో తరహా పాలన. మొదటిది కోరుకుందాం, కానీ మూడోది రాదని నమ్మకం కుదిరేదాకా రెండోదాన్ని వదులుకోలేం. ఈ లెక్కలో డొమినికన్ ఓటరు ఎక్కడున్నాడో వెతకండి. బోష్‌ని దింపాక మొదట సాయం ఆపారు, ముఖం చిట్లించారు. కెనడీ పోయి జాన్సన్ వచ్చాక, మూడు నెలలు తిరక్కుండానే దింపినవాళ్ళు పెట్టిన ప్రభుత్వాన్ని గుర్తించారు. ఆ రాజ్యాంగం కోసం కొండలెక్కి పోరాడిన యువకుల్లో మినేర్వా మిరబల్ భర్త మనోలో తవారెస్ ఉన్నాడు. 1963 డిసెంబరులో, ప్రాణాలకి హామీ ఉందని నమ్మి లొంగిపోతే కాల్చేశారు.

1965 ఏప్రిల్ 24న సైన్యంలోనే ఒక భాగం తిరగబడింది. ఆ తిరుగుబాటు కోరిక ఒకే ఒక్కటి, చాలా పాతది: 1963 రాజ్యాంగం మళ్ళీ అమల్లోకి రావాలి, బోష్ తిరిగి రావాలి. కొత్త ఎన్నికలు కూడా అక్కర్లేదు, మేం వేసిన ఓటు ఉంది కదా అన్నారు. రాజధాని జనం వేలల్లో తుపాకులు పట్టుకున్నారు. ఏప్రిల్ 27న దువార్తే వంతెన దగ్గర సైన్యం ట్యాంకులతో నగరంలోకి వస్తే, కర్నల్ కామాన్యో మనుషులూ మామూలు పౌరులూ కలిసి వెనక్కి తరిమారు. అంటే రాజ్యాంగం కోరేవాళ్ళు గెలుస్తున్నారు.

ఏప్రిల్ 28న అమెరికా మెరైన్లు దిగారు.

ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. నేను వేరే వాదన చేయక్కర్లేదు. మొదట మా పౌరుల రక్షణ కోసం అన్నారు. తర్వాత ఇంకో క్యూబా కానివ్వం అన్నారు. రుజువుగా యాభై పైచిలుకు కమ్యూనిస్టుల పేర్లతో జాబితా ఇస్తే, విలేఖరులు అందులో తప్పులు పట్టుకున్నారు. కొందరు అసలు దేశంలోనే లేరు. యాభై పైచిలుకు పేర్లకి ఇరవై వేలకి మించిన సైన్యం! పరిస్థితి చెయ్యి దాటిందన్న మాట ఇక్కడి నుంచే వచ్చింది. నిజమే, దాటింది, ఎవరి చెయ్యి దాటిందో మాత్రం చెప్పరు.

1966 జూన్‌లో, విదేశీ సైన్యం ఇంకా అక్కడే ఉండగా, ఎన్నికలు పెట్టారు. దీన్ని నా మీదకి ఎవరైనా విసరొచ్చు: మరి అప్పుడు ప్రజలే బలగేర్‌ని గెలిపించారుగా, 57 శాతంతో? గెలిపించారు. ఆ ఓట్లన్నీ దొంగ ఓట్లని నేను అనడం లేదు. పల్లెల్లో యుద్ధంతో విసిగిపోయి శాంతి కోసం ఓటేసినవాళ్ళు ఎంతోమంది. కానీ ఆ ఎన్నికల్లో బోష్ ప్రాణభయంతో ఇల్లు దాటి ప్రచారం చేయలేకపోయాడు. ఆయన్ని మళ్ళీ ఎన్నుకుంటే ఏం జరుగుతుందో కూడా ఓటరు ఒకసారి చూసేశాడు. పొమ్మనలేక పొగబెట్టడం అనే మాట మనకుంది. ఒక దేశం మొత్తానికి అలా పొగ పెట్టారు. ట్రుహియో పక్కన నిలబడిన మనిషి ఇంకో పన్నెండేళ్ళు ఏలాడు. విమర్శించిన విలేఖరి ఓర్లాందో మార్తీనెస్‌ని 1975లో రోడ్డు మీద కాల్చి చంపారు. దీనికి పత్రికలు పెట్టిన పేరు స్థిరత్వం.

ఆ స్థిరత్వం నుంచి జనం తప్పించుకున్నారు. 1950ల మొత్తంలో ఆ దేశం నుంచి అమెరికాకి వచ్చి స్థిరపడింది పదివేలలోపే. 1960లలో తొంభై వేలు దాటారు. గొడవ చేసేవాళ్ళు బయటికి పోతే మంచిదేనని వీసాలు కూడా ధారాళంగా ఇచ్చారు. న్యూయార్క్‌లో వాషింగ్టన్ హైట్స్ అలా డొమినికన్ పేట అయింది. అదే 1965లో అక్టోబరులో వచ్చిన వలస చట్టం తెరిచిన తలుపులోంచే మన ఇంజినీర్లూ డాక్టర్లూ వచ్చారు. మన వాళ్ళు చదువుకుని, కష్టపడి వచ్చారని చెప్పుకుంటాం, నిజమే. పక్క పేటలో వాళ్ళని మాత్రం "అక్కడ దేశాన్ని నడుపుకోలేక వచ్చారు" అని అంటాం. నడుపుకోలేక కాదండీ. నడపనివ్వక.

ప్రజాస్వామ్యం పడని జనం అన్నారు కదా. 1978 మేలో ఆ జనం మళ్ళీ ఓటేశారు. బలగేర్ ఓడిపోతున్నాడని తెలియగానే సైనికులు ఎన్నికల కార్యాలయంలోకి వచ్చి లెక్కింపు ఆపేశారు. మళ్ళీ అవే తుపాకులు, మళ్ళీ అదే పుట్ట. ఈసారి జనం ఒప్పుకోలేదు, చుట్టుపక్కల దేశాలు ఒప్పుకోలేదు, వాషింగ్టన్‌లో కార్టర్ ప్రభుత్వం కూడా ఒప్పుకోలేదు. లెక్కింపు మళ్ళీ మొదలైంది. ఆగస్టు 16న బోష్ పాత పార్టీకి చెందిన అంతోనియో గుస్మాన్ అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. బలగేర్ ఓటుతోనే దిగిపోయాడు. ట్రుహియోని కాల్చి అప్పటికి పదిహేడేళ్ళు.